వేడి చేసిందిలే

‘సిస్టర్ గారు చెప్పారు.’ అనాల్సిన చోట ఈ ఒక్క మాట నేను అనలేదు. పదకొండేళ్లు అది నాలోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా పాపకి ఆరేళ్లప్పుడు రక్త క్యాన్సర్ వచ్చింది. బెజవాడలో వైద్యం. మందు ఎక్కించి ఇంటికి పంపేటప్పుడు వార్డు సిస్టర్ నన్ను కూర్చోబెట్టుకున్నారు.

"ఇంట్లో మీరు చేసేదీ నర్సింగే అన్నయ్యా, మా చదువులో మొదటి పాఠం అదే. ఈ మందులతో పాపకి రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు. ఒళ్లు కాలితే వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు పట్టించకండి. నూరు దాటితే వెంటనే తీసుకొచ్చెయ్యండి."

తలూపాను.

"తలూపడం మా స్టూడెంట్లకీ వచ్చు. నోటితో చెప్పండి."

నవ్వుతూ చెప్పాను. "వేడి అనుకోను. వెంటనే తీసుకొస్తాను."

నాలుగో రోజు పొద్దున థర్మామీటర్ నూటొకటి చూపించింది. మా హనుమాన్ జంక్షన్ నుంచి బెజవాడ ఎంత, గంట ప్రయాణం. కానీ పాప నా చొక్కా పట్టుకుంది. "సూదులొద్దు నాన్నా. ఈ ఒక్కరోజు ఇంట్లో ఉంటా."

"ఎంతుందండీ?" వంటింట్లోంచి మా ఆవిడ.

థర్మామీటర్ విదిలించేశాను. "జ్వరం కాదు, వేడి చేసిందిలే."

సబ్జా నీళ్లు నేనే కలిపాను. అది ప్రేమా? లేక బిడ్డ ఏడుపు చూడలేక, తెలిసిన నిజాన్ని ఇంట్లో వాడే ఆ చిన్న మాట కింద దాచేసుకున్న పిరికితనమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాటికి పాప పలకడం మానేసింది. ఐసీయూ బయట డాక్టరు గారు కోపంగా అడిగారు. "జ్వరమొస్తే వెంటనే రావాలని మీకెవరూ చెప్పలేదా?"

పక్కన మా ఆవిడ. ఎదురుగా సిస్టర్.

"చెప్పలేదండీ."

సిస్టర్ నా వైపు చూశారు. రెండు రోజులకి పాప పోయింది. ఆ వారంలోనే సిస్టర్‌ని వార్డు నుంచి తీసేశారని తెలిసింది. మా ఆవిడ ఏళ్ల తరబడి ఆమెని తిట్టుకుంటుంటే, నేను ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.

పోయిన నెల పక్కింటావిడ తన మనవరాలి ఒళ్లు తాకి "వేడి చేసిందిలే" అంది. ఆ పూటే మా ఆవిడకి నిజం చెప్పాను. తను ఇంకా నాతో మాట్లాడటం లేదు.

సిస్టర్ ఇప్పుడు ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్నారు. వెతుక్కుంటూ వెళ్లాను. గుర్తుపట్టారు. కూర్చోమనలేదు.

"మీరు చెప్పారు సిస్టర్. నా నోటితో చెప్పించారు కూడా. అబద్ధం నేనాడాను. క్షమించండి."