భారతమ్మ కాలిలో ముల్లు

జీవమ్మ నవలనంతా కంఠతా పట్టి పరీక్ష రాసిందని ఆళ్ళగడ్డలో కొందరంటారు. దిద్దినవారి తప్పు పట్టుకుని నంద్యాల పెద్దలతో వాదించి గెలిచిందని మరికొందరు. ఆమె ఆ పుస్తకం మొహమే చూడలేదని, అంతా తమ్ముడు రాసిచ్చిన నోట్సు చలవేనని ఇంకొందరు. మొదటి రెండు మాటలకు ఆధారం లేదు. మూడో మాటలో సగం నిజముంది. ఆ సగాన్ని ఆమె ఎన్నడూ దాచలేదు.

1957లో జీవమ్మ ఆళ్ళగడ్డలో ఒకటో తరగతి పంతులమ్మ. ఎస్సెస్సెల్సీ తెలుగులో రెండుసార్లు తప్పింది. ఈ సెప్టెంబరులోనూ తప్పితే కొలువు మరొకరికిస్తామని బడి పెద్దలు కాగితం పంపారు. ఉపవాచకంగా పెట్టినది డెబ్బై ఏళ్ళనాటి పెద్ద నవల. ఆమె దాన్ని తెరవలేదు. నంద్యాలలో ఉండే చిన్నమ్మ కొడుకు కృపావరం రాసిచ్చిన పన్నెండు పేజీల సంగ్రహమే ఆమెకు నవల. పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తూనే దాన్ని వల్లె వేసేది. చివరి వాక్యం దగ్గర మాత్రం ప్రతిసారీ కొంగుతో కళ్ళొత్తుకునేది: ‘నాయిక భారతమ్మ ఉసురు విడిచింది.’

పరీక్ష ఐదు రోజులుందనగా బస్సెక్కి నంద్యాలలో చిన్నమ్మ ఇంటికి వచ్చింది. ఎండన పడి వచ్చిన దాహానికి మజ్జిగ కుండ దగ్గరికి వెళితే, దాని మీద మూతగా ఒక పుస్తకం కనిపించింది. అట్ట మీద కుండ మూతి గుండ్రంగా అచ్చుపడి ఉంది. అది ఆ నవలే. కృపావరం చదువుకునే రోజుల్లో కొన్నది. అచ్చులో ఒకదానికొకటి కలిసి వచ్చిన ఆకుల అంచులు ఇంకా కోసి విడదీయనే లేదు.

తాను వల్లె వేసిన చావును అచ్చులో చూద్దామని, చిన్న కత్తితో చివరి ఆకు కోసింది.

భారతమ్మ చావలేదు. బట్టల మూటతో తెల్లవారుజామున ఊరు విడిచింది. పొలిమేరలో కూర్చుని, కాలిలో దిగిన ముల్లు పీకి పారేసి, లేచి మళ్ళీ నడిచింది. కథ అక్కడితో ముగిసింది.

జీవమ్మ మజ్జిగ మాటే మరచిపోయింది. ఇన్నాళ్ళూ తాను ఏడ్చిన మనిషి కళ్ళెదుటే లేచి నడిచిపోతున్నట్టుంది.

“ఒరే కృపావరం, ఈమె యాడ సచ్చిందిరా? నడ్సుకుంటా పోతాంటే!”

కృపావరం నోట్సునూ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. “నేనూ ఎవర్దో సూసి రాసుకున్యానక్కా. ఆడ ‘ఊరు’ మీద సిరా పడింటే ‘ఉసురు’ అనుకున్యా. కథంటే కడాకు సావాల కదా.”

“సచ్చినామెకు ముల్లు గుచ్చుకుంటాదేందిరా?”

“ముల్లు సంగతి ఇడ్సిపెట్టు. నా నోట్సు ముప్పైమంది తీస్కపోయినారు. అందరూ ఆమెను సంపినారు, పాసయినారు. దిద్దే అయ్యవార్లు మాత్రం పుస్తకం సూస్తారా యేంది? నువ్వొక్కదానివే ఆమెను బతికిస్తే, నీ కొలువు సస్తాది!”

జీవమ్మ కత్తి తీసుకుని మొదటి ఆకు కోసింది. నాలుగు పగళ్ళు ఒక్కొక్క ఆకే కోస్తూ చదివింది. పన్నెండు పేజీల్లో ఎక్కడా కురవని వాన ఇందులో మూడు రోజులు కురిసింది. నోట్సులో ఏడవడమే తెలిసిన భారతమ్మ ఇక్కడ అత్తను చూసి కిసుక్కున నవ్వింది. ఇంత మనిషిని పన్నెండు పేజీల్లో ఎట్లా కుక్కారో జీవమ్మకు అంతుపట్టలేదు.

పరీక్షలో అదే అడిగారు: నాయిక కథ ఎట్లు ముగిసినది? ఆమెకు బడి పెద్దల కాగితం కళ్ళముందు మెదిలింది. ఆ తర్వాత రాసింది: ‘భారతమ్మ చావలేదు. పొలిమేరలో ముల్లు తీసుకుని నడిచిపోయినది. చివరి పుట చూడుడు.’

జీవమ్మ పాసయింది. కొలువు నిలిచింది. ఆ జవాబు వల్ల గెలిచిందో, దానికి మార్కులు పోయినా గెలిచిందో తేల్చే కాగితం ఏదీ లేదు. ఆ ఏడు ‘ఉసురు’ రాసినవారిలోనూ పాసయినవారున్నారు. జీవమ్మ చేసిందల్లా ఇంతే: రెండుసార్లు చదవకుండా రాసింది, మూడోసారి చదివి, చదివినదే రాసింది.