అవ్వ కొంగు ఎందుకు దులిపేది

ఇవాళ పొద్దున తోటపల్లి గూడూరు వైపు వెళ్తుంటే ఒక రొయ్యల ఫ్యాక్టరీ ముందు బస్సు ఆగింది. రాత్రి షిఫ్టు దిగి బయటికొస్తున్న ఆడవాళ్లను గేటు మనిషి వరసగా నిలబెట్టి, "కొంగులు దులపండి, ఊఁ, ఒక్కొక్కరూ" అంటున్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

మన పాలెంలో పెరిగినవాళ్లకు మా అవ్వ, ఆమె నల్ల జాడీ, ఆ నీచువాసన గుర్తుండే ఉంటాయి. చీల్చిన చేపలకు ఉప్పు రాసి జాడీలో పేర్చాక, గడప దాటేముందు అవ్వ కొంగు దులిపేది. రెండు అరచేతులూ చాచి చూపించేది. ఎదురుగా ఎవరూ ఉండేవాళ్లు కాదు. మనమూ అలాగే చేసి పడీపడీ నవ్వేవాళ్లం.

ఒకసారి అడిగితే చెప్పింది: "మాయమ్మ కాడ అలవాటైంది మే. దొరల కాలంలో ఉప్పు మీద పన్నంట. చేపలకి పన్ను లేకుండా ఇచ్చే ఉప్పు సర్కారు గోడల లోపలే పెట్టాలంట. చిటికెడు కూడా ఇంటికి తేకూడదని గేటు కాడ జవాను కొంగు దులిపించేవాడంట."

సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి ఉప్పు దొంగట! ఆ దొరలు పోయారు, ఆ గోడలు కూలాయి. మా అవ్వ మాత్రం సొంత ఇంట్లో, తాను దొంగ కాదని చేతులు చాచి చూపించుకుంటూనే పోయింది. మనం నవ్వాం.

ఇవాళ ఆ గేటు దగ్గర ఒక ముసలామె అడక్కముందే రెండు చేతులూ చాచింది.

ఇంటికొచ్చి చేపముక్కలకు ఉప్పు రాశాను. లేవగానే చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. దులపలేదు. ఒళ్లో పడిన ఉప్పుతోనే గడప దాటి వీధిలోకి నడిచాను.