ఐదో జవాబు

పోయినవాటితో మొదలుపెడతాను. ఒక రేడియో సెట్టు. మూడు బ్యాటరీలు. మంచు కొరికిన నా ఎడమ కాలి రెండు వేళ్లు. ఒక హవల్దారు.

సెప్టెంబరు చివర, సైన్యంలో రేడియో కాపలాకు, ఒక మంచుకొండ గట్టు మీదికి చేరాను. రాతిగోడల బంకరు, కిరోసిన్ పొయ్యి, నేను. క్యాంపు నాలుగు కిలోమీటర్లు కింద. టవర్ లేదు, తీగ లేదు. ప్రతి సెట్టూ తనకు దగ్గర్లో ఉన్న సెట్టును వెతుక్కుని మాట అందిస్తుంది. మనుషులు కదిలితే దారి మారుతుంది. క్యాంపు మాట నా సెట్టుకు, నా నుంచి ముందు వైపు ఒక బండ దగ్గరుండే కాపలావాడి సెట్టుకు, అక్కడి నుంచి గస్తీకి.

సెలవులో సోలాపూర్ వస్తే, భవాని పేట్‌లో మగ్గం నడిపే అన్న అడిగాడు.

"టవర్ లేకుంటే మాట ఎట్ల పోతదిరా? గాలిల ఎగుర్తదా?"

"మనిషి కాడికెల్లి మనిషి కాడికి పోతదన్నా."

"మరి నీకేం చెప్తరు?"

"నాకేం చెప్పరు. నా మీదికెల్లి పోతరు."

నిజమే. రోజంతా సెట్టు మీద పచ్చ దీపం వెలిగేది. అన్నీ ఇతరుల మాటలే. నన్ను పలకరించేది గస్తీ హవల్దారు ఒక్కడే. కరీంనగర్ మనిషి. మాది సోలాపూర్ దుప్పట్లు నేసే ఇల్లని నన్ను 'చద్దర్' అనే పిలిచేవాడు.

"ఓ చద్దర్, ఉన్నవా?"

"ఉన్న సాబ్."

"చలి సంపుతున్నది. మీ అన్నతోని ఒకటి నేపియ్యి."

"ఏం రంగు సాబ్?"

"ఎర్రది. మంచుల కానరావాలె."

అన్న నేశాడు. ఆ సెలవు అయ్యాక నేను గట్టు మీదికి తీసుకుపోయాను. గస్తీ నుంచి రాగానే ఇద్దామనుకున్నాను.

జనవరి. హవల్దారుతో కలిపి గస్తీవాళ్లు ఐదుగురు గట్టు అవతల ఉన్నారు. మధ్యాహ్నం మంచు మొదలైంది. రెండింటికి క్యాంపు ఉత్తర్వు: "కింది వాలు మీద మంచు జారేలా ఉంది. గస్తీ పై దారిన రావాలి." నా సెట్టు దాటి అది ముందుకు పోలేదు.

చలికి బ్యాటరీ చస్తుంది. తీసి చంకలో పెట్టుకుని వెచ్చబెట్టడం మా అందరి అలవాటు. పక్క సెట్టుకు చెప్పి తీయాలి. బండ దగ్గరి కాపలావాడు ఆ రోజు చెప్పకుండానే తీశాడు. తనకు వచ్చే మాటేమీ లేదు కదా అనుకున్నాడట.

మగ్గం మీద పోగు తెగి కొసలు అందకపోతే, నాన్న మధ్యలో వేరే నూలు ముక్క కట్టేవాడు. ముందుకు వెళ్తానని క్యాంపును అడిగాను.

"వెళ్లు. మాకు అందేంత దూరంలోనే ఆగు."

సెట్టు వీపున, చద్దర్ భుజాన వేసుకుని ఎదుటి దిబ్బ ఎక్కాను. ఎర్రగా కనబడేలా రాతి మీద చద్దర్ పరిచాను. దారి కలిసింది. ఉత్తర్వు గస్తీ వైపు పోయింది. అందినట్టు ఒక్కో మనిషి సెట్టు ఒక్కో జవాబు పంపాలి. పచ్చ దీపం వెలిగింది, మొదటి జవాబు. రెండోది. మూడోది. నాలుగోది.

తర్వాత వాలు జారిన చప్పుడు.

చీకటి పడేదాకా దిబ్బ దిగలేదు. వేళ్లు అక్కడే పోయాయి. నలుగురు పై దారిన వచ్చారు. హవల్దారు అందరికంటే వెనక, మలుపు అవతల ఉన్నాడట. మాట ఆయనకు అందలేదా, అంది జవాబే నా దాకా రాలేదా? సెట్టు చెప్పదు. రెండింటికీ అది చూపేది ఒకే ఖాళీ.

చద్దర్ ఇంటికి తిరిగొచ్చింది. ఎవరూ కప్పుకోరు. ఇక్కడ మగ్గాల చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. ఆ చప్పుడులోనే నాకు పచ్చ దీపం నాలుగుసార్లు వెలిగి ఆగిపోతుంది.

రావలసిన జవాబులు ఐదు. వచ్చినవి నాలుగు. బాకీ ఒకటి.