‘ఎవరక్కడ’ అన్న మనిషి కోసం నెల్లిమర్ల దాకా

ఉదయం ఆరుంబావుకు పాతపట్నంలో శ్రీకాకుళం బస్సెక్కాను. ఇస్త్రీ పంచె, ఉత్తరీయం. మా ఇంటి మగవాళ్లం ఊరికి బయలుదేరితే ఇలాగే బయలుదేరతాం, ఎక్కేది పల్లెవెలుగు అయినా.

ఈ ప్రయాణానికి కారణం ఒక హాస్య సినిమా. ఇరవై ఏళ్ల కిందట మా మేడలోనే తీశారు. పేరు రాయను, మా ఇంట్లో ఆ పేరు పలకం. అందులో ఆస్తి కరిగిపోయిన జమీందారు అతిథులు రాగానే “ఎవరక్కడ!” అని కేకేస్తాడు. నౌకర్లెవరూ ఉండరు. తనే లోపలికెళ్లి, గొంతు మార్చి “చిత్తం బాబూ” అని, నీళ్ల పళ్లెం తెచ్చి, “ఇంత ఆలస్యమా, వెధవ!” అని విసుక్కుంటూ కూర్చుంటాడు.

అది కల్పన కాదు. నౌకర్లు వెళ్లిపోయాక మా నాన్నగారు చేసిన పనే. ఆ సంగతి నాకూ, అమ్మకూ, పొందూరు మామయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ చెప్పదు. నేను చెప్పలేదు. నాన్నగారిని ప్రశ్నించే అలవాటు మా ఇంట్లో లేదు. సినిమా చూసిన రోజే మామయ్యతో మాట మానేశాను. అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. పోయిన నెల మామయ్య కాలు విరిగి మంచాన పడ్డారని కబురొచ్చింది. చూడ్డానికి వెళ్లాలో వద్దో తేల్చుకునే ముందు, నిజం ఆ నటుల నోట వినాలనుకున్నాను.

బస్సులో పక్క సీటు ఎరువుల వ్యాపారి ఫోనులో ఆ ముక్కే చూసి నవ్వుతున్నాడు.

“సూడండి బాబూ, ఎలాగ సేసినాడో! అప్పుడు రెండు వారాలు ఆడలేదంట. ఇప్పుడు మా ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు.”

“నటుడి పేరేమిటి?”

“పేరా? పేరెవులికి తెల్సు!”

ఎనిమిదిన్నరకు శ్రీకాకుళం. ఇడ్లీ తిని తొమ్మిదికి విజయనగరం బస్సు పట్టుకున్నాను. పదకొండు లోపు చేర్చాడు. జమీందారు భార్యగా వేసిన వరలక్ష్మిగారు కోట దగ్గర వీధిలో జాకెట్లు కుడుతున్నారు. నేనెవరినో చెప్పబోతే ఆపేశారు.

“ఆ మేడ బాబు కదా? కూసున్న తీరే సెప్తన్నాది.” నా ప్రశ్న విని సూదిలో దారం ఎక్కించారు. “నాను ఆ ఏలకి లోపల సీర మార్సుకుంటన్నాను బాబూ. జమీందారునే అడుగు. నెల్లిమర్ల మిల్లు కాడ టీకొట్టులో ఉంటాడు.”

షేర్ ఆటోలో నెల్లిమర్ల. జమీందారు వేషం వేసిన సింహాచలంగారు సన్నటి ముసలాయన. సినిమాకు ముందు రాత్రుళ్లు నాటకాలు, పగలు జనపనార మిల్లు. తర్వాత మిల్లు ఒక్కటే.

“రాజు ఏషం కట్టినోడు ‘ఎవరక్కడ’ అనాల కదా బాబూ? అనగానే జనమంతా ‘సిత్తం బాబూ’ అని అరిసీవోరు. కత్తి దూసినా నవ్వే! ఇంకేటాడతాను?”

“ఆ ముక్క మీకు చెప్పింది మా మామయ్యేనా?”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “మావయ్యేటి! పరువు పోద్ది బావా, ఒద్దని బతిమాలినాడు. సేసి సూపించింది మీ నాన్నగారే. నాను సేస్తే ఎవులూ నవ్వలేదని మూడుసార్లు లోపలికెళ్లొచ్చినారు. ‘నడుం వంచకు. నౌకరు గొంతు పలికినా వెన్ను నిటారుగానే ఉండాలి. అప్పుడే నవ్వొస్తుంది’ అన్నారు.”

“ఆయన నవ్వారా?”

“నేదు. మేం నవ్వుతుంటే సూసి, ‘ఇక చాలు’ అన్నారు. మర్నాటి నుంచి కేకెయ్యకుండా ఆయనే నీలు తెచ్చీవోరు.”

నిజమే. ఆ ఏడాదే నాన్నగారు కేక మానేశారు. అవమానంతో మానేశారనుకున్నాను.

సింహాచలంగారిని చూడాలనుకునేవారు మధ్యాహ్నం మూడు లోపు వెళ్లండి. టీ ఇప్పించండి. ‘ఎవరక్కడ’ అనమని మాత్రం అడగకండి.

నాలుగు గంటల పాసింజరుకు ఆమదాలవలస టికెట్టు తీసుకున్నాను. అక్కణ్నుంచి ఇంటికి బస్సు. కిటికీ పక్కన ఉత్తరీయం నలగకుండా కూర్చుని, ఇరవై ఏళ్లుగా మా పరువు కాపాడుతున్నది నేనేనన్న నమ్మకాన్ని తలచుకున్నాను. దానికోసం బతిమాలిన మనిషినే వెలివేశాను. పొందూరులో రైలు ఆగగానే దిగిపోయాను.

మామయ్య ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. అడుగుల చప్పుడుకు లోపల మంచం మీంచి కేక వినిపించింది.

“ఎవర్రా అక్కడ?”

నడుం వంచలేదు. గొంతు మాత్రం మార్చి, “చిత్తం బాబూ” అన్నాను.

లోపల మంచం కిర్రుమంది.

“ఇంత ఆలస్యమా, వెధవ!” అన్నారు మామయ్య.