నడుమ స్పీకరు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, శివరాత్రి దాటిన వారంలో, తిరుపతి షోరూం నుంచి నన్ను చిత్తూరు బ్రాంచికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. పని మాత్రం ఇళ్లకు వెళ్లి హోం థియేటర్లు బిగించడం, కొనబోయేవాళ్లకు ఏది దేనికి సరిపోతుందో చెప్పడం. ఈ రెండోది వినే ఓపిక చాలామందికి ఉండదు. వాట్లు ఎన్ని అని అడుగుతారు, అంకె పెద్దదైతే మురిసిపోతారు.

మామిడికాయల మండీ నడిపే సుబ్రమణ్యం ఆ వారంలోనే వచ్చాడు. బెంగళూరు నుంచి రెండు నిలువు స్పీకర్లు అప్పటికే తెచ్చుకున్నాడు. వాటిని నడిపే రిసీవరు కావాలి. రిసీవరంటే వచ్చిన శబ్దానికి బలం చేర్చి, ఏ స్పీకరుకు ఏది పోవాలో పంచే పెట్టె. ఆ స్పీకర్ల వెనక నాలుగు ఓమ్‌లు అని ఉంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుంది. అంత లాగితే మామూలు రిసీవర్లు వేడెక్కి పాట మధ్యలో ఆగిపోతాయి. ఇది చెప్పి చెప్పి అప్పటికే నా నోరు అరిగిపోయింది. సుబ్రమణ్యం మాత్రం కదలకుండా విన్నాడు.

ఎందుకంత శ్రద్ధో ఆయనే చెప్పాడు. వాళ్ల నాయన రెడ్డెప్ప భారతం ఆడిన మనిషి. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర రోజుల తరబడి భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో రెడ్డెప్పది దుర్యోధనుడి వేషం. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు గుసగుస తప్ప మాట లేదు. పద్యాల వరసలు నేర్పించమని నాటకమాడే మేళంవాళ్లు ఇంటికి వచ్చి అడిగితే, గొంతు లేనోడు ఏం నేర్పిస్తాడని తిప్పి పంపేశాడు. ఆ వరసలు ఇంకెవరికీ పూర్తిగా రావు. ఇంట్లో ఒక పాత క్యాసెట్టు ఉంది గానీ, అందులో ఉన్నది ఒక్క రాత్రి ఆట. మిగతావన్నీ ఆయన తలలోనే ఉన్నాయి.

"నాయన తన గొంతు తాను ఇంటే మనసు మారతాది సార్. ఈ తిప్పలంతా అందుకే," అన్నాడు సుబ్రమణ్యం.

క్యాసెట్టును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. రికార్డు చేసినవాడెవడో పని తెలిసినవాడే. హార్మోనియం ఎడమ పక్క, మద్దెల కుడి పక్క, గొంతు నడుమ. ఆ గొంతు కోసం పద్యాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాను.

దీనికి రెండు స్పీకర్లను నడిపే మామూలు స్టీరియో యాంప్లిఫయరు చాలని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "నాయనకు తక్కువది తెచ్చినాడని రేపు నలుగురూ అనుకుంటారు సార్. సినిమాలక్కూడా పనికొచ్చేది ఇయ్యండి," అన్నాడు. తండ్రి మీద ప్రేమకు పెద్ద పెట్టే కావలసి వచ్చింది. నాలుగు ఓమ్‌లను తట్టుకునే రిసీవరు ఎంచి, దానికి నడుమ స్పీకరు ఒకటి, వెనక స్పీకర్లు రెండు జత చేశాను.

నడుమ స్పీకరు గురించి ఒక మాట చెప్పాలి. సినిమాలో మాటలు దానిలోంచే వస్తాయి. పాట పెట్టినా, సరౌండ్ పద్ధతిలో ఉంచితే, రెండు పక్కలా సమానంగా ఉన్న గొంతును రిసీవరు ఏరి ఆ ఒక్క స్పీకరుకే పంపుతుంది. పక్క స్పీకర్లకు వాయిద్యాలు మిగులుతాయి.

టీవీ కింద బల్ల మీద దాన్ని పెట్టాను. కూర్చునే చోట చిన్న మైకు ఉంచి, రిసీవరు చేత గది కొలతలు తీయించాను. పద్యం పెడితే సుబ్రమణ్యం కళ్లు తుడుచుకున్నాడు. రెడ్డెప్ప బంధువుల ఊరికి వెళ్లి ఉన్నాడు. పని ముగిసినట్టు సంతకం తీసుకుని వచ్చేశాను. మా పద్ధతి ప్రకారం అంతటితో సరి.

ఆ బల్ల వెనక గోడ అరలో రెడ్డెప్ప వేషానికి పెట్టుకున్న కిరీటం ఉంది. ఆ ఇంట్లో దాన్ని దేవుడి పటంలాగే చూస్తారు, ముందర ఏదీ అడ్డం ఉంచరు. నేను వెళ్లాక కోడలు ఆ స్పీకరు వైరు తీసి, దుమ్ము పడకుండా గుడ్డ చుట్టి లోపల పెట్టింది. ఇంకా నాలుగున్నాయి కదా అనుకుంది. వైరు తీసిన సంగతి రిసీవరుకు తెలియదు. గొంతును అటే పంపుతూ ఉంటుంది.

మర్నాడు సుబ్రమణ్యం మండీలో ఉండగా పెద్దాయన ఊరి నుంచి వచ్చాడు. కొడుకు సాయంత్రం వినిపిద్దామనుకున్నాడు గానీ, మామ సంతోషపడతాడని కోడలు ముందే పెట్టింది. హార్మోనియం ఖంగుమంది, మద్దెల అదిరింది. గొంతు మాత్రం ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు సన్నగా వచ్చింది. ఆయన చివరిదాకా విని, "ఇంతేనా నేను పాడింది?" అని లేచి వెళ్లాడట.

సుబ్రమణ్యం ఫోన్ చేయగానే వెళ్లాను. నడుమ స్పీకరు లేదని రిసీవరు మెనూలో మార్చాను. క్షణంలో అయ్యే పని. గొంతు నిలువు స్పీకర్లలోకి వచ్చి ఇల్లంతా నిండింది. కోడలు వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. పెద్దాయన కుర్చీలో కూర్చుని మొత్తం విన్నాడు. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, చెవిలో గుసగుసగా అన్నాడు.

"బాగుండాదప్పా. కానీ ఇది నా గొంతు కాదు, మీ మిషను గొంతు. నాది మొదటిసారే ఇన్నాను."

వైరు సంగతి, మెనూ సంగతి విడమరిచి చెప్పాను. మర్యాదగా తల ఊపాడు, అమ్మకానికి వచ్చినవాడి మాటకు ఊపినట్టు. కొడుకు ఎంత బతిమాలినా మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. మేళంవాళ్లు మళ్లీ వస్తే అదే జవాబు చెప్పి పంపాడు. ఆ ఎండాకాలం భారతానికి నేనూ వెళ్లాను. దుర్యోధనుడి పద్యాలు ఎవరికి తోచిన వరసలో వాళ్లు పాడారు. వినలేక మధ్యలో లేచి వచ్చాను. రెడ్డెప్ప చివరిదాకా ఎవరికీ నేర్పలేదు.

ఆ రిసీవరు ఆ స్పీకర్లకు చక్కగా సరిపోయింది, ఇప్పటికీ వేడెక్కకుండా పనిచేస్తోందట. తలుచుకుంటే ఆ మాటే నాకు ఎక్కువ బాధ. మనిషి మొదట విన్నదాన్నే నమ్ముతాడు, తర్వాత చేసిన మరమ్మతును నమ్మడు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, సెట్టు ఎవరి కోసం తెచ్చారో అడిగి, ఆ మనిషి వచ్చి కూర్చుని వినేదాకా సంతకం తీసుకోలేదు.