చేపల తొట్టికి కొత్త లైటు

మా మావయ్యగారి లెక్క ప్రకారం మా ఇంట్లో ఒక్క వస్తువూ సరిగ్గా పనిచేసేది కాదు. ఫ్యాను తిరిగేది గానీ గాలి వచ్చేది కాదు. పేపరువాళ్లు సిరా దగ్గర పిసినారితనం చేస్తున్నారు. వంటింటి గడప ఎవరో ఎత్తు పెంచారు, లేకపోతే రోజూ ఆయన కాలికే ఎందుకు తగులుతుంది? పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయన ఈ ఫిర్యాదులన్నీ వరసగా చెబుతుంటే, నందిగామ బస్సుకి టైమవుతోందని టిఫిన్ డబ్బా సర్దుకుంటూ నేను ఊకొట్టేదాన్ని.

నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో నేను బోటనీ చెప్పేదాన్ని. కాపురం మాత్రం జగ్గయ్యపేటలో. బజార్లో మా వాళ్లకి స్టీలు సామాన్ల కొట్టు. కొట్టు వ్యవహారమంతా మా ఆయన చూసుకునేవారు. మావయ్యగారు అన్నీ వదిలేసి ఒక్క పని మాత్రం తన దగ్గర ఉంచుకున్నారు. అది గిన్నెల మీద పేర్లు కొట్టడం. పెళ్లి సామాను కొన్నవాళ్లు బిందె నుంచి గరిటె దాకా అన్నిటి మీదా పేరు, ఊరు, తారీఖు కొట్టించుకునేవాళ్లు. బుర్రుమని మోగే ఆ చిన్న మిషను పట్టుకుని ఆయన గుండ్రటి అక్షరాలు చెక్కుతుంటే, వత్సవాయి నుంచి వచ్చినవాళ్లు బస్సు పోతున్నా నిలబడి చూసేవాళ్లు. కొట్లో ఓ పక్కగా ఉండే ఆ కుర్చీ అంటే ఆయనకి ప్రాణం.

రెండు వేల ఎనిమిది ప్రాంతంలో ఒక బిందె వెనక్కి వచ్చింది. దాని మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మిషను పాడైందన్నారు మావయ్యగారు. మా ఆయన కొత్త మిషను తెచ్చారు. రెండు నెలలకి అదీ పాడైందన్నారు. 'ఆడలేక మద్దెల ఓడు' అని నేను వంటింట్లో మెల్లగా అనుకున్నాను. ఆ మాట అప్పుడు ఎవరికీ వినబడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ వినబడుతుంది.

ఇక నా తొట్టి సంగతి. తొంభైల చివర్లో, ఫొటోలకి ఫ్రేములు కట్టే ఆయన చేత రెండడుగుల గాజుతొట్టి చేయించుకున్నాను. అడుగున మున్నేటి ఇసక. కాలేజీ పిల్లలకి నీటిమొక్కలు చూపించడానికి కీసర వంతెన దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, నేనూ ఒక కవరు నిండా తెచ్చుకున్నాను. ఒకటి హైడ్రిల్లా. రెండోది వాలిస్నేరియా, పచ్చ రిబ్బన్లలా నిలువుగా పెరిగే మొక్క. మా ఊరివి సున్నపురాయి నీళ్లు. బిందెలకి తెల్లటి పొర కట్టే ఆ నీళ్లు గప్పీ చేపలకి మాత్రం అమృతంలా పడ్డాయి. పదేళ్లలో వాటి మనవలు, ముని మనవలు తిరిగారు ఆ తొట్లో.

ఆ ఇంట్లో గుమ్మానికి కర్టెన్ నుంచి వంటింట్లో ఉప్పు డబ్బా దాకా అన్నీ నేను కాపురానికి రాకముందే ఎవరో ఎంచి పెట్టినవే. నా అంతట నేను ఎంచుకుని పెట్టుకున్నది ఆ తొట్టి ఒక్కటే. హాల్లో ఈశాన్యం మూల నీళ్లుంటే మంచిదని వాస్తు కలిసొచ్చింది కాబట్టి ఎవరూ కాదనలేదు. దానికి చెక్కమూత, మూతలో రెండడుగుల ట్యూబులైటు.

ఒక సాయంత్రం మావయ్యగారు ఆ తొట్టి ముందు కూర్చుని తేల్చేశారు.

"అమ్మాయ్, ఈ లైటు డల్లయిపోయింది. చేపలు కనపడట్లా."

నాకు బాగానే కనపడుతున్నాయి. ఆ మాటే చెప్పాను. అయినా ఆయన వారం రోజులు అదే పాట పాడారు. చిరాకొచ్చి ట్యూబు ఊడదీసి చూశాను. రెండు చివర్లా కాస్త నల్లబడి ఉంది. వాలిస్నేరియా ఆకులు కూడా ఒకటి రెండు పసుపు తిరిగాయి. బోటనీ చెప్పేదాన్ని కదా, నాకు కారణం దొరికిపోయింది. మొక్కకి వెలుగు చాలడం లేదు. ఈ ఒక్కసారికి ఆయన ఫిర్యాదులో నిజం ఉందనుకున్నాను.

ఎల్‌ఈడీ అనే మాట అప్పుడప్పుడే మా వైపు వినబడుతోంది. టార్చిలైట్లలోకి వచ్చాయి, చవితి పందిళ్లకి వచ్చాయి. చేపల తొట్లకి ఇంకా రాలేదు. కాలేజీకి వెళ్లే దారిలో పెళ్లిళ్లకీ పందిళ్లకీ లైటింగు పెట్టే ఒకాయన కొట్టు ఉండేది. తొట్టి కొలతలు కాగితం మీద వేసిచ్చి, తెల్ల లైట్లు, మొక్కల కోసం, అని రెండుసార్లు చెప్పాను.

"మేడంగారూ, మీరు నిశ్చింతగా ఉండండి. చూసినోళ్లు కళ్లు తిప్పుకోకూడదు," అన్నాడు.

నేను అప్పుడే భయపడాల్సింది.

వారం తర్వాత ఒక చెక్కపట్టీ చేతికిచ్చాడు. దాన్ని బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. బిగించి స్విచ్చి వేస్తే ఎరుపు, పచ్చ, నీలం ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెత్తాయి. గప్పీలన్నీ ఒక మూలకి పోయి గుమిగూడాయి. మా ఆయన పేపరు దించి చూసి, "వినాయకుణ్ణి ఎప్పుడు తెస్తున్నావ్?" అన్నారు.

మర్నాడు మళ్లీ నందిగామలో ఆ కొట్టు మెట్లెక్కాను. రన్నింగు వద్దు, రంగులు వద్దు అన్నాను. రంగుల్లేకపోతే ఇంక లైటింగెందుకండీ అని ఆయన నొచ్చుకున్నాడు. రెండోసారి రన్నింగు తీసేసి మొత్తం నీలం పెట్టాడు. చేపలుండేది నీళ్లలో కదా అన్నది ఆయన వాదన. మూడోసారి నేను ఆయన బల్లకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. తెల్ల గింజలు ఒక్కొక్కటే అతికించి, నా ముందు వెలిగించి చూపించేదాకా కదల్లేదు. సెకండియర్ వాళ్ల పరీక్ష పేపర్లు అక్కడే దిద్దేశాను. లేచి వస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి ఒక ముక్క చెప్పాడు.

"ఇది కరెంటే తినదండీ. రోజంతా వేసుంచినా మీటరు తిరగదు."

ఆ ముక్క నేను ఇంటికొచ్చి అందరికీ గొప్పగా చెప్పాను. ఆ రోజు నా నోటికి తాళం పడినా బాగుండేది.

తెల్ల లైటు వేసిన మొదటి సాయంత్రం, మావయ్యగారు ముక్కు గాజుకి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. "ఇదీ లైటంటే! ఇప్పుడు కనపడుతున్నాయి," అన్నారు. ఒక వస్తువు బాగుందన్న మాట ఆయన నోట వినడం నాకు చాలాకాలానికి అదే. పొంగిపోయాను. పాత ట్యూబుని దాని పట్టీతో సహా పేపర్లో చుట్టి అటక మీద పడేశాను.

మూడు వారాలు తిరక్కుండానే, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ముందు గాజు మీద పచ్చటి పొర. తర్వాత ఆకులకి జుట్టులా వేలాడే పాచి. చివరికి నీళ్లే పచ్చబడ్డాయి. ఆదివారం గీకితే బుధవారానికి మళ్లీ సిద్ధం. కారణం కనుక్కోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. మావయ్యగారు తెల్లవారుజామున స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అదే చేత్తో తొట్టి లైటు వేసేవారు. పడుకోబోయేదాకా దాన్ని ఆర్పనిచ్చేవారు కాదు. మొక్కకి ఎనిమిది గంటల వెలుగు చాలు, ఆపైన ఇచ్చిందంతా పాచి తింటుంది అని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆయన తలూపారు. సాయంత్రం బస్సు దిగొచ్చి నేను ఆర్పబోతే మాత్రం ఒప్పుకునేవారు కాదు.

"సందెవేళ దీపం ఆర్పుతారంటమ్మా ఎవరన్నా?"

"అది దీపం కాదు మావయ్యగారూ, లైటు."

"వెలుగిచ్చేది ఏదైనా దీపమే. కొట్లో సాయంత్రం లైటేస్తే దణ్ణం పెట్టుకోమా?"

పెట్టుకుంటారు. కొట్లో లైటు వెయ్యగానే మా ఆయన, గుమాస్తా, గిన్నె బేరమాడుతున్నవాళ్లతో సహా చేతులు జోడిస్తారు. ఇప్పుడు ఇంట్లో నా తొట్టికీ ఆ మర్యాద మొదలైంది. ఈశాన్యంలో నీళ్లు, నీళ్ల మీద ఆరని వెలుగు, పైగా మీటరు తిరగదు. షావుకారు ఇంటికి ఇంతకంటే ఏం కావాలి? పాచి పట్టి నా మొక్కలు చస్తున్నాయన్న బాధ నాకు తప్ప ఎవరికీ లేదు.

చివరికి ఒక అట్టముక్క మీద 'పది నుంచి ఆరు వరకే' అని రాసి స్విచ్చిబోర్డు కింద అంటించాను. మర్నాడు నేను నిద్ర లేచేసరికే లైటు వెలుగుతోంది.

"అక్కడ రాసింది చదవలేదా మావయ్యగారూ?" అన్నాను. గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను.

"చూశాలే," అన్నారాయన, అటు తిరిగి.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని అనుకున్నాను. కావాలనే చేస్తున్నాడీ పెద్దమనిషి అనుకున్నాను. కోడలు చెప్పింది వింటే చిన్నతనమనుకుంటున్నాడేమో అని కూడా అనుకున్నాను. దసరా దగ్గర పడుతోంది. చుట్టాలొస్తారు. ఒకరోజు మా ఆయన భోజనం దగ్గర తేల్చి చెప్పేశారు.

"ఇల్లంతా చెరువు వాసనొస్తోంది. పండగలోపు బాగుపడితే సరే, లేకపోతే తీసి మీ కాలేజీ ల్యాబుకిచ్చెయ్."

పదేళ్లు పెంచుకున్న నా తొట్టి ఒక మనిషి మొండితనానికి పోతోందని నాకు ఏడుపొచ్చింది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను. మావయ్యగారు మాత్రం ఏమీ ఎరగనట్టు మజ్జిగ పోసుకుంటున్నారు. సగం కంచంలో, సగం పీట మీద.

పండగ ముందు ఆదివారం ఆఖరి ప్రయత్నం మొదలుపెట్టాను. చేపలన్నిటినీ టీ జల్లెడతో పట్టి స్టీలు బిందెలోకి మార్చాను. మొక్కలు పీకి బకెట్లో వేశాను. నీళ్లన్నీ తోడి, గాజు తళతళలాడేలా రుద్ది, సగానికి కొత్త నీళ్లు పోశాను. ఖాళీ తొట్టి. గాలి మోటారు ఒక్కటే బుడగలు వదులుతోంది. లైటు, ఎలాగూ పొద్దున్నే వేసేశారు కాబట్టి, వెలుగుతోంది. గోడవారగా నిలబడి నేను జల్లెడ తుడుస్తున్నాను.

మావయ్యగారు వచ్చి తన స్టూలు మీద కూర్చున్నారు. నావైపు చూడలేదు. మేత డబ్బా తడిమి తీసి, చిటికెడు నలిపి నీళ్ల మీద చల్లారు. అప్పుడే కడిగిన తొట్టి! అరవడానికి నోరు తెరిచాను.

"తినండి, తినండి," అన్నారాయన బుడగల్ని చూస్తూ. "ఇవాళ మంచి హుషారు మీదున్నారే."

చేతిలో జల్లెడ జారి నేల మీద మోగింది.

"ఎవరూ?" అన్నారు, తల అటూ ఇటూ తిప్పి. నేను ఆయనకి రెండు బారల దూరంలో కూడా లేను.

గడప, పేపరు సిరా, బిందె మీద అక్షరాలు, నేను అంటించిన అట్టముక్క. అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. రోజూ మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం, పోట్లాడుకుంటూనే ఉన్నాం. మొక్కకి ఎంత వెలుగు కావాలో గంటల్లో లెక్క చెప్పిన నాకు, మనిషి సంగతి తట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నేనే మావయ్యగారూ," అన్నాను. "తొట్లో చేపల్లేవు."

ఆయన చెయ్యి గాజు అంచు వెతుక్కుని అక్కడే ఆగింది. "అబ్బాయికి చెప్పకమ్మా. ఆ కుర్చీలో కూర్చోనివ్వడు," అన్నారు.

చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? విజయవాడ తీసుకెళ్లాం. కళ్లలో ప్రెషరు పెరిగి నరాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టరుగారు. ఒక కంటికి చూపు ఇంక రాదు. రెండో కంట్లో మిగిలింది పోకుండా రోజూ చుక్కలు వేసుకోవాలి. ముందే వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదన్నారు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది అని అడిగితే, "ఈమధ్యేనండీ, లైట్లు బాగోక," అన్నారు మావయ్యగారు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

కుర్చీ మా ఆయన తియ్యలేదు. మిషను మాత్రం గుమాస్తా చేతికి వెళ్లింది. కొన్నవాళ్ల పేరూ ఊరూ అడగడం, పేరు ఎక్కడ పడాలో గిన్నె అంచు వేలితో తడిమి చూపించడం మావయ్యగారి పనయింది. తొట్టి గురించి ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. మొక్కల్ని నేనే తీసుకెళ్లి కీసర దగ్గర మున్నేట్లో వదిలేశాను. చేపలు, ఇసక, ఆ తెల్ల లైటు ఉండిపోయాయి. ప్రతి ఆదివారం తిట్టుకుంటూనే పాచి గీకేదాన్ని.

దసరా వెళ్లిన కొన్నాళ్లకి వంటింట్లో లైటు పోయింది. కొత్తది తెచ్చేదాకా పనికొస్తుందేమోనని అటక మీది పాత ట్యూబు దించాను. డల్లయిపోయిందని తీసేసిన ట్యూబు. పట్టీతో సహా గోడకి తగిలించి స్విచ్చి వేశాను. రెండుసార్లు మినుకుమని, గిన్నెల అడుగున మసి కూడా కనపడేంత తెల్లగా వెలిగింది.

ట్యూబు చోకు మోత విన్నారేమో, మావయ్యగారు హాల్లోంచి అడిగారు.

"ఏం లైటమ్మా అది?"

"పాతదే మావయ్యగారూ. తొట్టిది."

"బాగానే వెలుగుతోందా?"

"బాగానే వెలుగుతోందండీ."

"అయితే అప్పుడూ బాగానే ఉండుంటుందిలే," అన్నారు.

ఆ మాటకి నేను ఊకొట్టలేకపోయాను.