దళవాయి మట్టి

నా చిన్నప్పుడు... నాయన గజ్జెలు ముట్టుకుని మా అన్న నాకొక మాట ఇచ్చాడు.

"నాయన కాళ్ళు ఆడినన్ని దినాలు ఆ దళవాయి కిరీటం నేను పెట్టుకోన్రా. నీ మీద ఒట్టు."

అప్పుడు నాకు పదేళ్ళు, అన్నకు ఇరవై. వేయించిన చెనక్కాయలు వలిచి, సగం నా దోసిట్లో పోస్తూ చెప్పాడు. ఆ ఒట్టు ఏడాది కూడా నిలవలేదు.

పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో మా ఊరు. మా నాయన వీధినాటకాల వాద్యారు... అంటే ఆట నేర్పే గురువు. ఎండాకాలం వస్తే ఇల్లంతా అరదళం వాసన. ముఖానికి పూసుకునే ఆ పసుప్పచ్చ రంగును సంగటి కుండకు దూరంగా పెట్టమని అమ్మ రోజూ అరిచేది. అటక మీద చెక్క భుజకీర్తులు, ట్రంకు పెట్టెలో నాయన దళవాయి వేషానికి పెట్టుకునే కిరీటం. దాని అద్దం బిళ్ళలు ఊడిపోతే అన్నా నేనూ అన్నం మెతుకులు నలిపి అతికించేవాళ్ళం... సగం మెతుకులు నా నోట్లోకే పోయేవి.

ఆడేది దళవాయి కథ. పాలెగాడి కోటకు సేనాపతి అతను. వీరుడే, మంచివాడే. దొర కూర్చునే గద్దె మీద కన్ను పడింది. శత్రువుకు కోట తలుపు తీశాడు. దొర చచ్చాడు, గద్దె దక్కింది... నాలుగు దినాలు తిరక్కుండా దొర కొడుకు చేతిలో తానూ పోయాడు.

ఆటలో ఆఖరి ఘట్టం పట్టపగలే. కోత కోసిన చేలో దళవాయి బొమ్మను మట్టితో చేసి పడుకోబెట్టేవాళ్ళు... తల నుంచి కాళ్ళ దాకా నడవాలంటే నాకు ఇరవై అడుగులు పట్టేది. దళవాయి పడిపోగానే జనం ఆ బొమ్మ మీద పడి, తలా పిడికెడు మట్టి కొంగులో, తువ్వాల్లో కట్టుకుపోయి గాదెలో వేసుకునేవాళ్ళు. ద్రోహి మట్టి మన ఇంట్లోకి ఎందుకని మా అవ్వను అడిగాను.

"పాపం రా... ఆశ పడినాడు. ఆశ పడనోడు యాడుండాడు సెప్పు?"

"మరి దొర మట్టి యాల తెచ్చుకోరు అవ్వా?"

"నోరు మూసుకోని నడువు. ఎండ కొడతాండాది."



ఆ ఏడు కుప్పం నుంచి పిలుపు వచ్చింది. అంత దూరం నుంచి నాయనను పిలవడం అదే మొదలు. నెల ముందు నుంచే చల్లనీళ్ళు మానేసి, మిరియాలు నములుతూ గొంతు కాపాడుకున్నాడు. కుప్పం వాళ్ళతో మాట్లాడింది, రోజు ఖాయం చేసుకున్నది అన్నే. నాయన చేనికి పోయి ఉన్నప్పుడు పెట్టె ఎత్తుకుని బయల్దేరుతూ నాతో అన్నాడు.

"మేమంతా ముందు పోతాండాము. ఆట ఎల్లుండి. నాయనను రేపు మద్దేనం బస్సుకు పిల్చుకోని రా."

అదే మాట నేను నాయనకు చెప్పాను. అబద్ధమని నాకు తెలియదు... కానీ చెప్పిన నోరు నాదే.

మరుసటి రోజు పలమనేరులో బస్సు మారాము. అక్కడ బెంచీ మీద కూర్చుని నాయన కళ్ళు మూసుకుని పదాలు సన్నగా పాడుకున్నాడు. కుప్పంలో దిగేసరికి పొద్దు వాలుతోంది. జనం ఎదురొస్తున్నారు... కొంగుల్లో మట్టి.

"ఏమప్పా, ఏం ఆట?" అన్నాడు నాయన.

"దళవాయాట. ఇంగ యాడికి పోతాండావు, అయిపాయె గదా! ఏం ఏసమప్పా ఆ పిల్లోడిది! ఎవురో ముసిలి వాద్యారు రావాల్నంట... రాకపోయిందే మేలయింది పో."

చేలో బొమ్మ సగమే మిగిలింది. పక్కన అన్న. అరదళం చెమటకు కారి చొక్కా మీద పడుతోంది. నెత్తి మీది కిరీటం చేతిలోకి తీసుకున్నాడు.

"నాయనా... వాళ్ళే..."

నాయన ఆ మాట వినలేదు. "కోట తలుపు తీసేకాడ గొంతు పగిలిందా?" అని అడిగాడు.

"లేదు నాయనా. గెట్టిగానే సెప్పినా."

"పగలాల. ఆడ పగలకుంటే అది ఏసం గాదు."

అంతే. వంగి పిడికెడు మట్టి తీసి తువ్వాల్లో కట్టుకున్నాడు. "నువ్వూ తీసుకోరా" అన్నాడు నాతో. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

నాయన మళ్ళీ గజ్జె కట్టలేదు.

అన్న పెద్ద పేరు తెచ్చుకున్నాడు. మదనపల్లెలో శాలువాలు కప్పారు, నేను కూడా ఆఖరి వరసలో కూర్చుని చూశాను. కోట తలుపు తీసే చోట గొంతు సరిగ్గా పగిలేది... ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళు. పోయిన ఏడు పోయాడు. మొన్న ఎవరో అన్న ఆడిన ఆ ఆట వీడియో ఈ గ్రూపులో పెట్టారు. కింద ఒకటే వాదన... దళవాయి విలనా, బాధితుడా? 'పాపం, బాధితుడే' అనేవాళ్ళే ఎక్కువ.

చదువుకున్నవాళ్ళు మీరు. నేనూ మదనపల్లె కాలేజీలో చేరినప్పటి నుంచి దొరికిన పుస్తకమల్లా చదివాను. ఏ దేశం కథైనా అంతే... ఆశపడి చెడినవాడికే మంచి మాటలన్నీ రాస్తారు. అతను ఒంటరిగా కుమిలిపోతాడు, మనం కరిగిపోతాం. మా ఆటలో దొరకు ఉన్నవి నాలుగే మాటలు. చచ్చినవాడు ఎక్కువ మాట్లాడడు కాబట్టి అతని బాధ మనకు వినపడదు. బాధితుడు అనే మాట అంత చవగ్గా పారేయకండి... పలమనేరు బస్టాండులో మిరియాలు నములుతూ పదాలు పాడుకున్న మనిషి కోసం దాచండి. మిమ్మల్ని ఏడిపించిన ఆ పగిలిన గొంతు కూడా ఆయనదే.

ఇప్పుడు గాదెలు లేవు, ఆ చేలూ లేవు... ప్లాట్లు. ఆట ఫోన్లో అరచేతిలో ఆడుతోంది, వాసన లేదు. చెనక్కాయలు వలిచేటప్పుడు మాత్రం సగం పక్కన పెట్టే అలవాటు నాకు ఇంకా పోలేదు.

మీ ఊళ్ళోనూ ఇలా మట్టి తెచ్చుకునేవాళ్ళా? చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా... ఉంటే రాయండి.

నాయన నిన్ను ఆ పొద్దే క్షమించాడు. నేను క్షమించలేదు, చెంగల్రాయన్నా.